ట్యూబులైటుకు గుప్పెడు నెత్తళ్ళు

నాగాయలంక,
8 జనవరి 2003.

విజయవాడలో దిగుమతి దీపాల అనుమతులు చూసే పెద్దాఫీసరు గారికి, నాగాయలంక నుంచి గంగాదేవి నమస్కరించి రాసేది.

అయ్యా, ఇక్కడ సముద్రం ఒడ్డున మాకు చిన్న రొయ్యపిల్లల హేచరీ ఉందండి. తల్లి రొయ్యల్ని తెచ్చి, తొట్టెల్లో గుడ్లు పెట్టించి, పిల్లల్ని చెరువుల రైతులకు అమ్ముతాం. మా ఆయన సూర్యప్రకాష్ పూర్వం పరాయివాళ్ళ బోటు మీద వేటకు వెళ్ళేవారు. ఏళ్ళ తరబడి కష్టపడి ఈ తొట్టెలు కట్టుకున్నాం. నిరుడు నీళ్ళలోంచి తెల్లమచ్చ రోగం వచ్చి పిల్లలు చాలావరకు చచ్చిపోయాయి. చావకుండా మిగిలాయనుకుని రైతులకు ఇచ్చినవి వాళ్ళ చెరువుల్లో చచ్చాయి. ఇప్పటికీ నేను బస్సెక్కితే వాళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు. ఇంకొక్క సీజను ఇలా పోతే హేచరీకి తాళం పడుతుంది, మా ఆయన మళ్ళీ పరాయి బోటెక్కాల్సిందే.

అందుకని నీళ్ళలో రోగాన్ని చంపే దీపాలు తైవాన్ నుంచి తెప్పించామండి. పైపులో అమర్చి నీళ్ళు వదిలితే ఆ ఊదారంగు వెలుతురుకు కంటికి కనపడని పురుగంతా చస్తుందట. పాతిక దీపాలు. అవి మద్రాసు హార్బరు దాకా వచ్చి ఆగిపోయాయి. వాటిలో పాదరసం ఉందట, అభ్యంతరం లేదని మీ ఆఫీసు కాగితం ఇస్తే గాని వదలరట. తల్లి రొయ్యలు ఫిబ్రవరి ఆఖరుకు వస్తాయి. అవి గుడ్లు పెట్టేలోపు దీపాలు వెలగాలి. రొయ్యకు ఆఫీసు టైములు తెలియవు కదండీ. దయచేసి కాగితం ఇప్పించండి.

ఇట్లు,
దీపాల కోసం ఎదురుచూస్తున్న
గంగాదేవి

తా.క. కవరు కొంచెం వాసన రావచ్చు. మా అత్తగారు అంకాలమ్మ గారిది ఎండుచేపల వ్యాపారం. మా ఇంట్లో ఉత్తరాలు రాసే బల్లా, ఆవిడ చేపలు ఆరబెట్టే బల్లా ఒకటే.

*

విజయవాడ,
17 జనవరి 2003.

శ్రీమతి గంగాదేవి గారికి, దిగుమతి దీపముల పర్యావరణ అనుమతి విభాగం అధికారి అచ్యుతరామారావు తెలియజేయునది.

మీ ఉత్తరం చేరినది. పాదరసం గల దీపములు దిగుమతి చేసుకొనువారు ముందుగా ఈ కార్యాలయమును రెండు విషయములలో తృప్తిపరచవలెను. మీ సరుకులో పాదరసం ఎంత ఉన్నదో పరీక్షాశాల వారి ధ్రువపత్రం జతపరచవలెను. అటుపిమ్మట, కాలం తీరిన దీపములను పారవేయక, పగులగొట్టక, తిరిగి సేకరించు ఏర్పాటు మీకు ఉన్నదని చూపవలెను. పగిలిన దీపములోని పాదరసం కాలువలో కలిసినచో అది నీటి నుండి చేపలోనికి, చేప నుండి మనిషిలోనికి చేరును. ఇది చిన్న విషయం కాదని గ్రహించగలరు.

పై రెండును అందిన పిమ్మట మీ దరఖాస్తు పరిశీలించబడును.

భవదీయుడు,
అచ్యుతరామారావు

తా.క. మీ ఉత్తరమును మా సిబ్బంది రెండు రోజులు కిటికీలో ఎండబెట్టిరి. జవాబు ఆలస్యమునకు అదియే కారణం. నేను శాకాహారిని. ఇది ఫిర్యాదు కాదు, సమాచారం మాత్రమే.

*

నాగాయలంక,
22 జనవరి 2003.

దయగల ఆఫీసరు గారికి గంగాదేవి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నా గుండెల మీంచి బండ దించినట్టయింది. ఏం అడుగుతారో అని భయపడ్డాను. తీరా చూస్తే పాదరసం పరీక్ష! అది మా వ్యాపారంలో ఉన్నవాళ్ళకు కొత్తా అండీ? మాకొక చెరువు కూడా ఉంది. ఎగుమతి కంపెనీ వాళ్ళు మా సరుకు కొనే ముందు ప్రతిసారీ ఈ పరీక్ష చేయిస్తారు. పాదరసం కనపడిందంటే అవతలి దేశంవాళ్ళు సరుకంతా వెనక్కి కొడతారు. కాబట్టి మీరు అడగడమే ఆలస్యం, బీరువాలోంచి తీసి పంపుతున్నాను. పాదరసం లేనే లేదని సీలు కొట్టి మరీ ఇచ్చారు. ఈ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి.

ఇక పాడైన దీపాలు తిరిగి సేకరించే ఏర్పాటు. నేనూ మా ఆయనా తలలు పట్టుకుని కూర్చుంటే మా అత్తగారు తేలిగ్గా తేల్చేశారు. "దీనికింత ఆలోచనేంటే? పాత చీరలకి స్టీలు గిన్నెలిచ్చేవోడు ఊళ్ళో చీరలన్నీ మూట కట్టుకుపోవట్లా? ఊరికే ఇమ్మంటే ఎవరిస్తారు? చేతిలో ఏదోటి పెడితే ఆళ్ళే తెచ్చిస్తారు. ఆ పని నాకొదిలెయ్" అన్నారు. వదిలేశాను. ఆవిడకు ఒక పని వదిలేశాక మళ్ళీ పట్టుకోవడం మా వల్ల కాదు.

ఇట్లు,
సగం భారం తీరిన
గంగాదేవి

తా.క. చేప తినని ఆయనకు చేప మనిషిలోకి చేరుద్దని బెంగెందుకో కనుక్కోమన్నారు మా అత్తగారు. నేను అడగలేదండి, ఆవిడ అడిగారు.

*

విజయవాడ,
31 జనవరి 2003.

శ్రీమతి గంగాదేవి గారికి అచ్యుతరామారావు వ్రాయునది.

మీరు పంపిన ధ్రువపత్రమును ఆసాంతం చదివితిని. మీ దీపములలో పాదరసం ఉన్నదని హార్బరు వారు, లేదని మీరు చెప్పుచున్నారు. లేనిచో మీ ఫైలుతో ఈ కార్యాలయమునకు పని లేదు, మూసివేయవలెను. ఫైలు మూసినచో అనుమతి పత్రం రాదు. అనుమతి పత్రం లేనిదే హార్బరు వారు దీపములు వదలరు. ఉన్నచో మీ పత్రం అబద్ధం. ఈ రెంటిలో మీకు ఏది సమ్మతమో తెలుపగలరు.

అదియునుగాక, పరీక్షించిన నమూనా వివరములలో "తల తీసినది, తోక ఉన్నది, మంచులో పెట్టినది" అని వ్రాసియున్నది. దీపమునకు తల ఏదో, దానిని ఎవరు తీసిరో మాకు బోధపడలేదు.

సేకరణ ఏర్పాటు విషయం: "అత్తగారికి వదిలితిమి" అనునది ఏర్పాటు కిందకు రాదు. ఆచరణలో చూపవలెను.

భవదీయుడు,
అచ్యుతరామారావు

తా.క. అదే పత్రములో "రుచి: తృప్తికరం" అని కలదు. ఈ దీపమును రుచి చూసినదెవరు? ప్రస్తుతం వారి ఆరోగ్యం ఎట్లున్నది?

*

నాగాయలంక,
10 ఫిబ్రవరి 2003.

పూజ్యులు అచ్యుతరామారావు గారికి గంగాదేవి తల వంచుకుని రాసేది.

తప్పయిపోయిందండి. మా రొయ్యల కాగితం మీకు పంపాను. సరుకు అంటే మాకు అదే. పాదరసం కాగితం అనగానే చెయ్యి అలవాటు కొద్దీ బీరువాలోకి పోయింది. మా ఆయన మీ ఉత్తరం చదివి అన్నం తింటూ నవ్వి నవ్వి పొలమారి, నెత్తిమీద కొట్టాల్సొచ్చింది. తైవాన్ వాళ్ళకు ఫ్యాక్సు పంపి అసలు దీపాల కాగితం తెప్పించి జత చేస్తున్నాను. అందులో పాదరసం ఉంది. ఎంత ఉందో కూడా ఉంది. రుచి మాట లేదు.

ఇక సేకరణ ఆచరణలో చూపమన్నారు. చూపించాం. ట్యూబులైటులోనూ పాదరసం ఉంటుందట, మా దీపాలు ఇంకా రాలేదు గనక వాటితోనే మొదలుపెట్టాం. మా అత్తగారు తెల్లారగట్ల ఫస్టు బస్సుకు నెత్తళ్ళ ఎండుచేపల గంపతో బయలుదేరి చల్లపల్లి, కూచిపూడి, పామర్రు తిరుగుతున్నారు. ఇవి ఆవిడ ఎప్పుడూ తిరిగే ఊళ్ళే, కేక మాత్రం మారింది. "పాడైపోయిన ట్యూబులైటుకి గుప్పెడు నెత్తళ్ళు! పగిలిందైతే నాకొద్దు, ముక్కలైతే తేవొద్దు!" నాలుగు రోజుల్లో జనం అటకలు దులిపేశారండి. చల్లపల్లి బజారులో షాపులన్నీ ఇచ్చాయి. కూచిపూడిలో నాట్యం నేర్పే ఒక మాస్టారు స్టేజీ లైట్లు ఇచ్చి, తాను తినరు కాబట్టి నెత్తళ్ళు మృదంగం వాయించే ఆయనకు ఇప్పించారు. పామర్రులో ఒక సినిమా హాలువాళ్ళయితే ఎడ్లబండి కట్టి పంపారు. బస్సులో కండక్టరు ట్యూబులకు కూడా టిక్కెట్టు కొట్టబోతే "ఎందుకంట?" అన్నారు మా అత్తగారు. "మనిషంత పొడుగున్నాయమ్మా" అన్నాడట. "పొడుగుని బట్టా టిక్కెట్టు? మరి నువ్వెంత పొడుగున్నావు, నీకు రెండు కొట్టుకున్నావా?" అన్నారట. బస్సంతా నవ్వింది. టిక్కెట్టు కొట్టలేదు.

ఒక్కటి కూడా పగలనివ్వలేదండి. పాత వలలు చుట్టి, మధ్యలో గడ్డి పరిచి, హేచరీ పక్కన ఐసు పెట్టే షెడ్డులో పేర్చాం. ఇప్పటికి ఆరువందలు దాటాయి. ఇంతకన్నా ఆచరణ ఈ జిల్లాలో ఎవరూ చూపించలేరు. కాగితం ఎప్పుడు వస్తుందండీ?

ఇట్లు,
ఆచరణలో ఉన్న
గంగాదేవి

తా.క. ఒక చిన్న ఇబ్బంది. చల్లపల్లిలో కొందరు వెలుగుతున్న ట్యూబులు కూడా పీకి ఇచ్చేస్తున్నారట. ఒకాయన కొవ్వొత్తి పెట్టుకుని నెత్తళ్ళ పులుసు తింటుంటే వాళ్ళావిడ పుట్టింటికి వెళ్ళిపోయిందట.

*

విజయవాడ,
18 ఫిబ్రవరి 2003.

శ్రీమతి గంగాదేవి గారికి అచ్యుతరామారావు తీవ్రమైన ఆలోచనతో వ్రాయునది.

తైవాన్ పత్రం సక్రమముగా ఉన్నది. అయితే మీ సేకరణ వలన కొత్త చిక్కులు వచ్చినవి.

నిబంధన ప్రకారం దిగుమతిదారు అమ్మిన దీపముల కంటె తిరిగి వచ్చిన దీపములు ఎక్కువ ఉండరాదు. మీరు ఇంతవరకు దిగుమతి చేసినవి సున్న. తిరిగి వచ్చినవి ఆరువందల పైచిలుకు. ఒక్క దీపమైనను అమ్మకుండ ఇన్ని తిరిగి రాబట్టిన సంస్థను నా సర్వీసులో చూడలేదు. కావున మీరు లోగడ రహస్యముగా దీపములు దిగుమతి చేసి యుందురేమోనని పైవారు అడుగుచున్నారు. కాదని సంజాయిషీ ఇవ్వవలెను.

మరియొకటి. పాదరసం గల వస్తువుల నిల్వ జలచరములను పెంచు చోటునకు పక్కన ఉండరాదు. ఐసు షెడ్డు నుండి దీపములనైనను తీయవలెను, లేదా తొట్టెల నుండి రొయ్యలనైనను తీయవలెను. సేకరించిన దీపములను సంబంధిత అధికారికి అప్పగించి రసీదు పొందినగాని అనుమతి ఇచ్చుటకు వీలు కాదు.

మీ శ్రమను తక్కువ చేయుట లేదు. నిబంధన నిబంధనయే.

భవదీయుడు,
అచ్యుతరామారావు

తా.క. మా స్టోరు గదిలోని పాడైన ట్యూబులు మాయమైనవి. మా అటెండరు మరియదాసు ఆదివారములు పామర్రు వెళ్ళి వచ్చుచుండును. అతని క్యారియరు నుండి మీ కవరు వాసనయే వచ్చుచున్నది. విచారించగా "నేను నిబంధన పాటించానండి, మీరే పాటించలేదు" అని జవాబిచ్చినాడు.

*

నాగాయలంక,
25 ఫిబ్రవరి 2003.

అచ్యుతరామారావు గారికి గంగాదేవి కోపంగా, ఏడుస్తూ, అయినా నమస్కారం పెట్టి రాసేది.

తల్లి రొయ్యలు నిన్న రాత్రి వచ్చాయండి. బోటువాళ్ళు తడి గోనెలు చుట్టిన డబ్బాల్లో తెచ్చి అప్పజెప్పారు. గుడ్ల మీదున్నాయి. అటూ ఇటూ అయితే ఇంకో వారం ఆగుతాయి, అంతే. తొట్టెల్లో నీళ్ళు నింపాను. అవి నిరుటి నీళ్ళలాగే ఉన్నాయి, తేటగా, ముద్దుగా. నిరుడు కూడా అలాగే ఉన్నాయండి. పొద్దున్నే వెళ్ళి చూస్తే అడుగున తెల్లగా పేరుకుని ఉన్నాయి పిల్లలు. చేత్తో కలిపి చూశాను, కదులుతాయేమోనని. ఆ తొట్టెను మా ఆయన మూడుసార్లు కడిగారు. ఈసారి కూడా అది చూడాల్సొస్తే నేను తట్టుకోలేను.

మీరేమో సున్నా దీపాలమ్మి ఆరువందలు తెచ్చావు, దొంగవా అంటున్నారు. దీపాలు ఇచ్చింది మేం కాదండి, మేం ఇచ్చింది నెత్తళ్ళు. నెత్తళ్ళు ఎన్ని గుప్పెళ్ళు ఇచ్చామో అన్నే దీపాలు వచ్చాయి. ఇదే నా సంజాయిషీ. పైవారికి ఇంతకన్నా చెప్పడం నాకు రాదు.

దీపాలు తీస్తావా, రొయ్యలు తీస్తావా అన్నారు. రొయ్యల్ని తీసేది లేదు. దీపాలు సంబంధిత అధికారికి అప్పగించమన్నారు. ఎవరండీ ఆ అధికారి? మండలాఫీసులో అడిగితే తెలీదన్నారు. ఆరోగ్య కేంద్రంలో అడిగితే థర్మామీటర్ల వరకే మా సంబంధం అన్నారు. రాత్రి మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని చదివాను. దిగుమతి దీపముల పర్యావరణ అనుమతి విభాగం అధికారి, అచ్యుతరామారావు, అని ప్రతి దానిమీదా ముద్ర ఉంది. దీపాలకు మీకన్నా సంబంధం ఉన్న మనిషి నాకెవరూ కనపడలేదు.

అందుకని లారీ కట్టించాం. ఈ ఉత్తరం అందులోనే వస్తోంది. మా ఆయనా, మా అత్తగారూ కూడా వస్తున్నారు. దయచేసి రసీదు ఇచ్చి, దాంతోపాటు కాగితం కూడా ఇవ్వండి. ఇవ్వకపోతే నాకు ఉత్తరం రాయొద్దు. చదివే ఓపిక లేదు.

ఇట్లు,
తొట్టె పక్కనే కూర్చుని ఉన్న
గంగాదేవి

తా.క. మీ ఆఫీసు ట్యూబులు కూడా లారీలోనే ఉన్నాయి. మరియదాసు గారు ఇంకో రెండు గుప్పెళ్ళు బాకీ అంటున్నారట, మా అత్తగారు ఆ లెక్క ఒప్పుకోవడం లేదు.

*

విజయవాడ,
12 మార్చి 2003.

అమ్మా గంగాదేవీ, అచ్యుతరామారావు ఆశీర్వదించి రాసేది.

ఆఫీసు భాషలో రాయడం ఈసారికి నా వల్ల కావడం లేదు, మన్నించాలి.

ఆ రోజు లారీ వచ్చి మా వీధికి అడ్డంగా ఆగింది. నేను గుమ్మంలోకి వచ్చేసరికే మీ అత్తగారు మెట్ల మీద నిలబడి కూలీలను అదిలిస్తున్నారు. "ఒక్కటి పగిలిందంటే మీరు తిన్న నెత్తళ్ళు కక్కిస్తా!" అని. అప్పటికి వాళ్ళకు నెత్తళ్ళు ముట్టినట్టే ఉన్నాయి. ఫైళ్ళ గది నిండింది, నడవా నిండింది, నా గదిలో నాకూ కుర్చీకీ మాత్రం చోటు మిగిలింది. ఆ కుర్చీలో కూర్చుని మీ ఉత్తరం చదివాను. ఈసారి ఎవరూ ఎండబెట్టలేదు. రసీదు రాసి, దాని వెనకే అనుమతి పత్రం మీద సంతకం చేసి సూర్యప్రకాష్ గారి చేతిలో పెట్టాను. ఆయన అటునుంచి అటే మద్రాసు రైలెక్కారు. దీపాలు నిబంధన ప్రకారం అప్పగించారు గనక ఇచ్చానని ఫైల్లో రాశాను. అది నిజమే. కానీ తొట్టె అడుగున చెయ్యి పెట్టి కలిపి చూశానని మీరు రాసిన మాట దగ్గర నా కళ్ళు చెమర్చాయి. అందుకే ఆ పూటే ఇచ్చాను. ఆ ముక్క ఫైల్లో రాయలేదు.

నిన్న సూర్యప్రకాష్ గారు ఫోను చేశారు. దీపాలు వెలిగాయనీ, గుడ్లు పగిలి తొట్టె నిండా పిల్లలు ఈదుతున్నాయనీ, రైతులిద్దరు వచ్చి తొట్టెలోకి తొంగి చూసి మీతో మాట్లాడి వెళ్ళారనీ చెప్పారు. ఇన్నేళ్ళ సర్వీసులో నా ఫైలు ఒకటి ఈదడం ఇదే మొదటిసారి. ఇంటికి వెళ్ళి మా ఆవిడ లక్ష్మీనరసమ్మకు చెబితే, చేప పేరు చెబితేనే ముక్కు మూసుకునే మనిషి, "అన్నీ బతికాయా?" అని అడిగింది.

ఇక నా సంగతి. ఇన్ని పాదరసం దీపాలు ఒకచోట నిల్వ ఉంచేవారు ఎవరైనా సరే ఈ విభాగం అధికారి అనుమతి తీసుకోవాలి. ఇప్పుడు ఉంచింది నేను. అధికారిని కూడా నేనే. హైదరాబాదు నుంచి వాటిని శుద్ధి చేసేవాళ్ళు వచ్చి తీసుకెళ్ళేలోపు కాగితాలు సరిగ్గా ఉండాలని పైవారు హెచ్చరించారు. నాకు నేను దరఖాస్తు పెట్టుకున్నాను. సేకరణ ఏర్పాటు వివరంగా లేదని నేనే తిప్పి పంపాను. మళ్ళీ పెట్టుకున్నాను. దిగుమతి సున్న ఉండగా ఇన్ని దీపాలు ఎక్కడివని సంజాయిషీ అడిగాను. మీ నెత్తళ్ళ సంజాయిషీనే ఇచ్చాను, అందులో శాకాహారికి నెత్తళ్ళు ఎక్కడివని మళ్ళీ నోటీసు ఇచ్చాను. నాతో వేగడం ఇంత కష్టమని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదమ్మా. మీరొక్కరే చెప్పారు.

మీ అత్తగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
ట్యూబులైట్ల మధ్య నుంచి
అచ్యుతరామారావు

తా.క. చివరికి దరఖాస్తుదారు స్వయంగా వచ్చి అధికారి ఎదుట హాజరు కావాలని ఉత్తర్వు వేశాను. వచ్చే సోమవారం పదిన్నరకు నా ఎదుట నేను హాజరు కావాలి. వెళ్ళి ప్రయోజనం లేదని మరియదాసు అంటున్నాడు. ఆ రోజు ఆఫీసరు గారు సెలవు పెట్టి, భార్యను తీసుకుని నాగాయలంకలో రొయ్యపిల్లల్ని చూడటానికి ఫస్టు బస్సుకు వస్తున్నారట.